కిమ్ నూలు, ఒక డిగ్రీ వేడి

సూరత్ చీర లేని తెలుగు ఇల్లు ఉండడం అరుదు. పెళ్లికి కంచిపట్టు, పండుగకు గద్వాలో వెంకటగిరో కొనుక్కున్నా, నిత్యం కట్టుకునేందుకు, బంధువులకు పెట్టుబడి చీరలు ఇచ్చేందుకు సూరత్ సరుకే మన ఇండ్లలోకి వస్తున్నది. త్వరగా ఆరుతుంది, ఇస్త్రీ పెద్దగా అడగదు, ఏళ్ల తరబడి ఉతికినా రంగు నిలుస్తుంది.

ఇటువంటి చీరను పగటి వెలుతురులో, కిటికీ దగ్గర కొంచెం వాలుగా పట్టి చూస్తే ఒక్కొక్కప్పుడు అడ్డంగా ఒక పట్టీ కనిపిస్తుంది. బెత్తెడు వెడల్పు ఉండవచ్చు, రెండంగుళాలే ఉండవచ్చు. రంగు అదే, కాని ఒక వీసం ముదురుగానో లేతగానో ఉంటుంది. చిరుగు లేదు, మరక లేదు, ముడి లేదు. అయినా దుకాణదారు ఆ చీరను పక్కకు తీసి సెకండ్స్ కట్టలో పడవేస్తాడు. తప్పు ఎవరిదని అడిగితే రంగులవాడు నేతవానిని చూపుతాడు, నేతవాడు రంగులవానిని చూపుతాడు. అటువంటి పట్టీకి కారణాలు పలురకాలు. పేకలో తేడా, నూలు బిగువులో తేడా, రెండు రకాల నూలు కలిసిపోవడం, ఇవన్నీ ఉన్నాయి. అయితే చాలా సందర్భాలలో ఆ పట్టీ మగ్గం ఎక్కకముందే, రంగు తొట్టి చూడకముందే పుట్టి ఉంటుంది. దాని పుట్టినచోటు వెతుక్కుంటూ వెళితే మనము చేరేది కిమ్ వంటి ఊరికి.

వరంగల్, విజయవాడల మీదుగా అహమ్మదాబాదు వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో ప్రయాణించిన మన ఉద్యోగులు కొందరైనా ఈ ఊరి పేరు పలక చూచి ఉంటారు. సూరత్ దాటిన తరువాత సాయణ్, కుడ్‌సద్ స్టేషన్లు గడిచాక కిమ్ వస్తుంది. అదే పేరుగల చిన్న నది పక్కన ఉన్న ఊరు, సూరత్ జిల్లా ఓల్‌పాడ్ తాలూకాలోనిది. చుట్టూ చెరకు తోటలు. తూర్పున జాతీయ రహదారి వైపు, పిపోదరా వరకు నూలు షెడ్లు, మగ్గాల షెడ్లు బారులు తీరి ఉంటాయి. పెద్ద కర్మాగారాలలో తయారైన పాలిస్టర్ పోగు ఇక్కడి షెడ్లలో మరొక రూపం దాల్చి మగ్గాలకు పోతుంది. ఆ పనిని పుస్తకాలలో టెక్స్చరైజింగ్ అంటారు. వ్యాపారుల నోట క్రింపింగ్ అన్న మాట ఎక్కువగా వినబడుతుంది.

జడ వంటి నూలు

పాలిస్టర్‌ను 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. వారు పనిచేసినది బట్టలకు అద్దకం వేసే సంస్థల సంఘంలో కావడం గమనింపదగినది. ముడి చమురు నుండి వచ్చే పదార్థాలతో తయారయ్యే ఈ ప్లాస్టిక్‌ను సుమారు 285 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగించి, జల్లెడ వంటి పలకలోని సన్నని రంధ్రాల గుండా వత్తితే పోగులు వస్తాయి. మన ఇండ్లలో కారప్పూస వత్తినట్లే. ఆ పోగు నున్నగా, జారుడుగా, జీవం లేనట్లుగా ఉంటుంది. దానితో నేసిన బట్ట ఒంటికి గాలి తగలనివ్వదు, చేతికి ఇంపుగా ఉండదు.

దానికి గుబురుదనం తెచ్చే ఉపాయం ఆడపిల్లలున్న ప్రతి ఇంటికీ తెలిసినదే. తడి జుట్టును గట్టిగా జడ వేసి, ఆరిన తరువాత విప్పితే జుట్టు అలలు అలలుగా నిలుస్తుంది. కిమ్ షెడ్లలో పోగును మీటరుకు రెండు వేలకు పైబడిన మెలికలు తిప్పి, ఆ మెలికల మీదనే హీటరు గుండా లాగి, చల్లార్చి, తిరిగి విప్పుతారు. జుట్టుకు తడి చేసిన పనిని పాలిస్టర్‌కు వేడి చేస్తుంది. మెలిక విప్పినా పోగు ఆ వంపును మరచిపోదు. ఆ వంపులే బట్టకు మెత్తదనాన్ని, సాగే గుణాన్ని ఇస్తాయి.

ఇంతవరకు సులభమే. కష్టమంతా వేగంలోను, సంఖ్యలోను ఉన్నది. ఒక యంత్రం మీద రెండు వందలకు పైబడిన పోగులు పక్కపక్కన నడుస్తాయి. ఒక్కొక్క పోగుకు ఒక్కొక్క దారి. దానినే పొజిషన్ అంటారు. పోగు నిమిషానికి 600 మీటర్ల వేగంతో నడుస్తున్నదనుకుందాము. హీటరు పొడవు 2 మీటర్లయితే పోగులోని ఏ భాగమైనా హీటరులో ఉండేది సెకనులో అయిదో వంతు మాత్రమే. ఆ రెప్పపాటులో అది 200 డిగ్రీల దరిదాపు వేడిని అందుకోవాలి. ఈ లెక్కన ఒక పొజిషన్ మీద రోజుకు 864 కిలోమీటర్ల నూలు తయారవుతుంది. రెండు వందల పొజిషన్లు కలిపితే ఒకే ఒక యంత్రం ఒక రోజులో భూగోళాన్ని నాలుగు సార్లు చుట్టి రాగల నూలును చుట్టి పెడుతుంది.

ఇన్ని పోగులలో ఒక దాని హీటరు దారి మాత్రం మూడు డిగ్రీలు చల్లగా ఉన్నదనుకోండి. ఆ పోగు తెగదు, రంగు మారదు, చేతికి తేడా తెలియదు. కంటికి అన్ని కోన్లూ ఒకే తెలుపు. తేడా అంతా లోపల, అణువుల అమరికలో ఉంటుంది. పాలిస్టర్‌లో అణువులు బారులు తీరి బిగుసుకున్న చోట రంగు చొరబడదు. చెదరి, సందులున్న చోటనే చొరబడుతుంది. ఎంత బారు తీరాలి, ఎంత సందు మిగలాలి అన్నది హీటరులోని ఆ సెకను అయిదో వంతులో చాలావరకు తేలిపోతుంది. తరువాత 130 డిగ్రీల వద్ద, ఒత్తిడి గల రంగు యంత్రంలో బట్టను ఉడికించినప్పుడు ఆ మూడు డిగ్రీల తేడా రంగై బయటపడుతుంది.

ఇందులో ఒక విశేషమున్నది. యంత్రం మొత్తం 200 డిగ్రీలకు బదులు 198 వద్ద నడిచినా ప్రమాదం తక్కువే. లాట్ అంతా ఒక్క తీరుగా ఉంటుంది, రంగు కొంచెం సర్దుకుంటే సరిపోతుంది. 215 పొజిషన్లు 200 వద్ద ఉండి ఒక్కటి 197 వద్ద ఉంటేనే చీర మీద చార. కావలసినది నిర్దిష్టమైన వేడి కంటే సమమైన వేడి. అందుకనే హీటర్లు తయారు చేసేవారు పొజిషన్‌కు పొజిషన్‌కు మధ్య తేడా ఒక డిగ్రీకి అటూ ఇటూ మించరాదని గిరి గీసుకుంటారు.

ఇడ్లీ పాత్రలోని శాస్త్రం

పది పన్నెండు మీటర్ల పొడవున్న యంత్రం మీద, ఒక కొసన తలుపు, మరొక కొసన పంకా ఉన్న షెడ్డులో, అన్ని చోట్లా ఒక డిగ్రీ తేడాలో వేడిని నిలపడం ఎలాగ? విద్యుత్తు తీగ చుట్టలతో వేడి చేస్తే దోసె పెనంలాగ నడుమ వేడి, అంచు చల్లన అవుతుంది. పెనం అంచున వేసిన పిండి తెల్లగా ఉండగానే నడుమ మాడడం గృహిణులందరికీ అనుభవమే. అదే ఇడ్లీ పాత్రను చూడండి. పై పళ్లెంలోని ఇడ్లీ, కింది పళ్లెంలోని ఇడ్లీ, మూలనున్న ఇడ్లీ ఒకే తీరుగా ఉడుకుతాయి. అక్కడ వేడిని మోసుకుపోయేది ఆవిరి. ఆవిరికి ఒక గుణమున్నది. ఎక్కడ చల్లగా ఉంటే అక్కడికే ఎక్కువగా పోయి నీరుగా మారి తన వేడిని దిగవిడుస్తుంది. చల్లని చోటును వెతికి పట్టుకునే పని ఎవరూ దానికి చెప్పనక్కరలేదు. పాత్రలోని ఒత్తిడి ఎంతో ఆవిరి వేడి అంతే. మూత తెరచి ఉంటే నూరు డిగ్రీలు, ప్రెషర్ కుక్కరులో సుమారు 120.

టెక్స్చరైజింగ్ యంత్రాలలో విరివిగా వాడుతూ వచ్చిన హీటర్లు ఈ ఇడ్లీ పాత్రకు దగ్గరి చుట్టాలే. మూసివేసిన పొడవాటి పెట్టెలో ఒక ద్రవాన్ని మరిగిస్తారు. దాని ఆవిరి పోగుల దారులన్నింటి వెనుక నిండి, ఎక్కడ వేడి తగ్గితే అక్కడ ద్రవంగా మారి, తిరిగి అడుగుకు జారుతుంది. అయితే నీటిని వాడరు. 200 డిగ్రీల వద్ద నీటి ఆవిరి ఒత్తిడి మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి పదిహేను రెట్లు ఉంటుంది. దానిని తట్టుకునే పెట్టె బాయిలరంత బరువవుతుంది. అందుచేత డైఫినైల్, డైఫినైల్ ఆక్సైడ్ అనే రెండు పదార్థాల మిశ్రమాన్ని వాడుతారు. డౌథర్మ్ ఏ అన్న వాణిజ్య నామంతో అది ప్రసిద్ధం. మామూలు ఒత్తిడిలో అది మరిగేది 257 డిగ్రీల వద్ద. 200 డిగ్రీల వద్ద దాని ఆవిరి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడిలో నాలుగో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. అంటే హీటరు లోపల పాక్షిక శూన్య స్థితి.

ఈ చివరి సంగతి చిన్నదిగా తోచవచ్చు. కాని ఆ పరిశ్రమలోని చిక్కులలో పెద్దది ఇక్కడే ఉన్నది. పాలిస్టర్‌ను కరిగించి పోగు తీసే పెద్ద కర్మాగారాలలో కూడా ఇదే ద్రవపు ఆవిరితో పలకలను వేడి చేస్తారు. అక్కడ వేడి 285 డిగ్రీలు కనుక లోపలి ఒత్తిడి బయటి గాలిని మించి ఉంటుంది. ఎక్కడైనా సందు ఏర్పడితే ఆవిరి బయటికి చిమ్ముతుంది. దానికి జెరేనియం మొక్క వాసన వంటి ఘాటైన వాసన. మండే గుణం కూడా ఉన్నందున ఆ వాసన తగలగానే అందరూ అప్రమత్తులవుతారు. కిమ్ షెడ్లలోని హీటరులో సందు ఏర్పడితే జరిగేది దీనికి తలకిందులు. లోపలి ఒత్తిడి తక్కువ కాబట్టి ఆవిరి బయటికి రాదు. బయటి గాలే లోపలికి పోతుంది. వాసన లేదు, చప్పుడు లేదు, చుక్క కారదు.

లోపలికి చేరిన గాలి ఆవిరిలాగ ద్రవంగా మారదు. ఆవిరి తోసుకుపోగా ఏదో ఒక కొసకు చేరి అక్కడే తిష్ఠ వేస్తుంది. ఆ కొసలోని పొజిషన్లకు ఆవిరి అందదు, అవి చల్లబడుతాయి. కుక్కరు మూత పెట్టిన వెంటనే వెయిటు వేయకుండా, ఆవిరి బుస్సున రావడం మొదలైన తరువాతనే వేయాలని మన అమ్మలు చెప్పే మాటలో ఉన్న కిటుకు కూడా ఇదే. లోపలి గాలి పూర్తిగా పోకపోతే ఒత్తిడి ఉన్నా వేడి తక్కువ, పప్పు ఉడకదు. కుక్కరు విషయంలో నష్టం ఒక పూట పప్పు. ఇక్కడ లెక్క వేసి చూద్దాము. ఒక్క పొజిషన్ ఎనిమిది గంటల షిఫ్టులో 288 కిలోమీటర్ల నూలు చుడుతుంది. 150 డెనియర్ నూలు అయితే దాని బరువు 4 కిలోల 800 గ్రాములు. చీర పేకకు 200 గ్రాములు పడుతుందనుకుంటే 24 చీరలు. ఒక పొజిషన్, ఒక షిఫ్టు.

హీటరు మీది అంకెల పలక ఈ సమయమంతా 200 అనే చూపుతూ ఉండవచ్చు. దానికి తీగ కలిపి ఉన్నది ఒక్కచోట మాత్రమే. ఆ ఒక్క చోటు వేడిగా ఉన్నంతవరకు పలక అబద్ధమాడినట్లు కాదు. ఎర్ర అంకెలు వెలుగుతున్న పరికరాన్ని చూచి నిశ్చింతగా ఉండే అలవాటు మన పరిశ్రమలలో పెరుగుతున్నదని, అది మంచిది కాదని మా అభిప్రాయం. గాలి ఒక్కటే కాదు, పోగు మీద పూసిన నూనె హీటరు దారిలో కాలి పొరగా పేరుకున్నా పోగుకు వేడి సరిగా అందదు. అందుచేత నియమిత కాలానికి దారులను తుడవడం, చేతి పరికరంతో ఒక్కొక్క పొజిషన్ వేడిని విడివిడిగా కొలిచి పుస్తకంలో రాయడం తప్పనిసరి. ఇటీవలి యంత్రాలలో కొన్నింటికి ఆవిరి హీటర్లకు బదులు, పోగు తాకకుండా పోయే పొట్టి విద్యుత్ హీటర్లు వచ్చాయి. ద్రవం, సందు, గాలి అనే బాధ పోయింది గాని, పొజిషన్లన్నింటినీ ఒక్క తీరుగా నిలిపే బాధ్యత ఇప్పుడు విద్యుత్ నియంత్రణ మీద పడింది.

వీటన్నింటినీ మించి నూలు షెడ్లు నమ్ముకునే పరీక్ష ఒకటి ఉన్నది. ప్రతి పొజిషన్ నుండి కొంచెం నూలు తీసి, ఒకదాని తరువాత ఒకటిగా గొట్టం వంటి మేజోడు అల్లి, ఆ మేజోడును రంగులో ముంచి, దీపం కింద పరచి చూస్తారు. రెండంగుళాలకు ఒక పొజిషన్ చొప్పున యంత్రం మొత్తం ఒక పొడవాటి గుడ్డ గొట్టమై కంటి ముందు నిలుస్తుంది. తేడా ఉన్న పొజిషన్ చారగా బయటపడుతుంది. థర్మామీటరు కంటే మేజోడు నిజాయితీ గలది. పరికరం చెప్పేది ఒక చోటి సంగతి, మేజోడు చెప్పేది అన్ని చోట్ల సంగతి. కాని పరీక్షకు, ఫలితానికి నడుమ గంటలు గడుస్తాయి. ఆ గంటలలో ఎంత నూలు చుట్టబడుతుందో పైన చెప్పుకున్నాము.

మన అచ్చుల దగ్గర

మన సంస్థలో నూలు పని లేదు. అయినా ప్రెస్ షాపులో, అచ్చుల విభాగంలో పనిచేసేవారికి ఈ కథ కొత్తగా తోచదు. బేకలైట్ పొడిని అచ్చులో వేసి 160, 170 డిగ్రీల వద్ద నొక్కే పలకలలో నడుమ వేడి ఎక్కువ, మూలలు చల్లన. మూలనున్న గడిలోని స్విచ్చు భాగం పైకి మెరుస్తూనే ఉంటుంది, లోపల పచ్చిగా ఉంటుంది. ప్లాస్టిక్ అచ్చులో ఒక వైపు వేడిగా, మరొక వైపు చల్లగా ఉంటే వేడి వైపు తరువాత చల్లారి ఎక్కువగా కుంచించుకుపోతుంది. వస్తువు అటు వంగుతుంది. బజారులో కొన్న బకెట్టు మూత బకెట్టుకు సరిగా కూర్చోకపోవడానికి ఇదీ ఒక కారణమే. కొలిమి గదిని పరీక్షించేటప్పుడు ఎనిమిది మూలలలో ఎనిమిది, నడుమ ఒకటి, మొత్తం తొమ్మిది చోట్ల థర్మోకపుల్ తీగలు పెట్టే పద్ధతి ఉన్నది. అది కిమ్ మేజోడుకు మారు రూపం.

ఆవిరి ఉపాయం అచ్చులలోకి కూడా వచ్చింది. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో పెర్కిన్స్ కుటుంబంవారు రెండు వైపులా మూసిన ఇనుప గొట్టాలలో కొద్దిగా నీరు ఉంచి, ఒక కొసను నిప్పులో, మరొక కొసను రొట్టెల పొయ్యిలో ఉంచి, రొట్టెలు సమంగా కాలేటట్లు చేశారు. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ అటువంటి గొట్టంలోపల వత్తి వంటి పొరను అమర్చాడు. చల్లని కొసన ద్రవమైనది వత్తి వెంట వేడి కొసకు తిరిగి పాకుతుంది. దీపపు వత్తి నూనెను పీల్చినట్లు. గొట్టం ఎటు వాలి ఉన్నా పనిచేస్తుంది, భూమ్యాకర్షణ అక్కరలేదు. దానిని హీట్ పైపు అంటారు. ఎండ తగిలే ముఖానికి, నీడలోని ముఖానికి నడుమ వేడిని సర్దేందుకు మన ఇస్రో ఉపగ్రహాలలో అమోనియా నింపిన అల్యూమినియం హీట్ పైపులు వాడుతున్నారు. నీటి కాలువ తవ్వడానికి చోటు చాలని సన్నని అచ్చు కడ్డీలలోను, అచ్చు పలకల లోపలను ఇవే పైపులు అమర్చడం పరిశ్రమలో ఉన్న పద్ధతి. ఉపగ్రహానికి, స్విచ్చు అచ్చుకు, కిమ్ హీటరుకు, ఇడ్లీ పాత్రకు సూత్రం ఒక్కటే.

కోత ఎవరికి

ఇక ఆ చీర దగ్గరకు తిరిగి వద్దాము. సూరత్‌లో మగ్గాల మీద పనిచేసేవారిలో మన తెలుగువారు వేల సంఖ్యలో ఉన్నారు. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుండి పద్మశాలి కుటుంబాలు తరాల కింద షోలాపూర్‌కు, భివండికి, సూరత్‌కు తరలిపోయాయి. సూరత్ లింబాయత్ వంటి వాడలలో నేటికీ తెలుగు వినిపిస్తుంది. ఇటు సిరిసిల్లలో సాంచాల మీద నడిచేదానిలోను పాలిస్టర్ గుడ్డ పెద్ద భాగం. సూరత్‌లో సేఠ్ కింద పనిచేసినా, సిరిసిల్లలో ఆసామి కింద పనిచేసినా, కార్మికునికి కూలి నేసిన మీటర్ల లెక్కన. గుడ్డలో లోపం తేలితే కూలిలో కోత పడడం మరమగ్గాల పరిశ్రమ ఎరిగినవారందరికీ తెలుసు.

తెగిన పోగు, జారిన పేక, నూనె మరక, ఇవి మగ్గం దగ్గర పుట్టే లోపాలు. మంచి నేతగాడు వాటిని కన్నుతోనే పట్టుకుంటాడు. హీటరులో పుట్టిన లోపాన్ని పట్టుకునే కన్ను ఏ నేతగానికీ లేదు. తెల్ల నూలు తెల్ల గుడ్డగా మగ్గం దిగిపోతుంది. వారాల తరువాత, ఎక్కడో రంగుల మిల్లులో చార తేలుతుంది. అప్పటికి ఆ కోను ఖాళీ అయి ఉంటుంది. ఆ పొజిషన్ శుభ్రపడి కూడా ఉండవచ్చు. నిందకు దొరికేవాడు గుడ్డ మీద ఎవరి మగ్గం గుర్తు ఉంటే వాడే.

చారను చూచి పుట్టుకను కొంతవరకు ఊహించే పద్ధతులు ఉన్నాయి. గుడ్డ వెడల్పు వెంట అడ్డంగా పట్టీ ఉంటే తేడా పేక కోనులో ఉన్నది. పొడవు వెంట సన్నని గీతగా, తాను మొదటి నుండి చివరి వరకు సాగితే పడుగులో ఒక పోగు వేరు జాతిది. పట్టీలోని పోగులను సూదితో బయటికి తీసి, పక్క పోగులతో పోల్చి, మెలిక వంపును, రంగు పీల్చే గుణాన్ని పరీక్షించవచ్చు. సూరత్‌లోని మాంట్రా వంటి కృత్రిమ వస్త్ర పరిశోధన సంస్థలు ఉన్నది ఇటువంటి పరీక్షల కోసమే. అయితే అయిదారు మగ్గాల ఆసామి పరీక్షశాల మెట్లు ఎక్కడం సామాన్యంగా జరగదు.

ఆయన చేతిలో ఉన్నది మరొకటి. నూలు కోను వచ్చేటప్పుడు దాని కాగితపు గొట్టంలోపలనో పెట్టె మీదనో లాట్ నంబరు గల చీటీ అంటించి ఉంటుంది. జాగ్రత్త గల షెడ్లు యంత్రం నంబరు, పొజిషన్ నంబరు, షిఫ్టు కూడా రాస్తాయి. రెండు లాట్ల నూలును ఒకే పడుగులో, ఒకే తాను పేకలో కలపరాదన్నది మొదటి నియమం. కోను అయిపోగానే చీటీ చెత్తలో పోతుంది. దానిని తీసి, ఏ తానుకు వాడినదో ఆ తాను నంబరు రాసి, రంగు మిల్లు నుండి కబురు వచ్చేవరకు ఒక తీగకు గుచ్చి ఉంచితే, చార తేలిన రోజున మాట్లాడేందుకు ఆధారం ఉంటుంది. ఆ చీటీ పట్టుకుని నూలు వ్యాపారి దగ్గరకు పోవచ్చు, ఆయన కిమ్ షెడ్డుకు పోవచ్చు, అక్కడి ఫోర్‌మన్ తన పుస్తకం తీసి ఫలానా షిఫ్టులో ఫలానా పొజిషన్ వేడి ఎంత ఉన్నదో చూడవచ్చు. ఆ వరుసలో రాసి ఉన్న అంకె చేతి పరికరంతో కొలిచినదో, పలక మీది 200ను చూచి దించినదో, ఆ పుస్తకం తెరచినప్పుడే తెలుస్తుంది.